ఇంటికి పంపించేయడం వైద్యం కాదు



కొంచెం పెద్ద పోస్టే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాను. సగం చదివి మాత్రం తిట్టకండి.

వారం కిందట మన పిల్లలు చదివే ఒక హాస్టల్ నుంచి ఓ వీడియో బయటికొచ్చింది. ఏ హాస్టలో, ఏ ఊరి అమ్మాయో నేను రాయను, మీరూ కామెంట్లలో రాయొద్దు. ఒక అమ్మాయి గోడవైపు తిరిగి కూర్చుని తనలో తను మాట్లాడుకుంటోంది. మధ్యమధ్యలో నవ్వుకుంటోంది. తీసేవాళ్లూ నవ్వుతున్నారు. చివర్లో ఎవరో "ఏమే, నీ దయ్యం పేరేంటే?" అని అడిగారు. జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం... మనోళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది అది. కింద రాసినవి చూశాను. ఒకడు "గాలి సోకింది" అన్నాడు, ఇంకొకడు "చిల్లంగి పెట్టారు" అన్నాడు, మరొకడు "లవ్ ఫెయిల్యూర్ బ్రో" అన్నాడు. కానీ ఎక్కువమంది రాసింది ఒకటే మాట: "ఇంటికి పంపించేయండి, మిగతా పిల్లలు భయపడతారు."

ఈ పోస్టు ఆ చివరి మాట మీదే. ఎగతాళి చేసినోళ్లతో వాదించేదేముంది? తప్పని తెలిసే చేస్తున్నారు. బాధ్యత గలవాళ్లలాగా, మంచి చెబుతున్నట్టుగా "ఇంటికి పంపించేయండి" అనేవాళ్లతోనే నా తగువు. ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఆ మంచోళ్లలో ఒకణ్ని.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పటి మాట. మా రూములో ఒక కుర్రాడు ఉండేవాడు. కొండమీద ఊరు. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటివాడు. లెక్కల్లో మా అందరికీ వాడే దిక్కు. దసరా సెలవుల నుంచి వచ్చాక మనిషి మారిపోయాడు. రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ ఉందో లేదో చూసేవాడు. అన్నంలో ఏదో కలుపుతున్నామని కంచాలు మార్చేవాడు. స్నానం మానేశాడు. స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చునేవాడు. ఎవరూ లేకపోయినా ఎవరికో జవాబు చెప్పేవాడు. మేం వాడికి "రేడియో" అని పేరు పెట్టాం. పేరు బాగా కుదిరిందని తెగ మురిసిపోయాం కూడా.

ఒక రాత్రి నాకు మెలకువొచ్చేసరికి నా మంచం పక్కన నిలబడి ఉన్నాడు. "నా గురించి ఎవరికి చెబుతున్నావురా?" అని అడిగాడు. చేతిలో ఏమీ లేదు. నన్ను ముట్టుకోలేదు కూడా. కానీ భయమేసింది, అబద్ధం చెప్పను. తెల్లారి అందరం కలిసి వార్డెన్ గారికి ఉత్తరం రాశాం. నా చేతిరాత బాగుంటుందని నన్నే రాయమన్నారు. "మా చదువుకు ఇబ్బంది అగుచున్నది గనుక అతనిని ఇంటికి పంపించవలసినదిగా కోరుచున్నాము." కింద 27 సంతకాలు.

రెండ్రోజులకి వాళ్లయ్య వచ్చాడు. తుండుగుడ్డ చేతిలో పట్టుకుని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి అందర్నీ ఒకటే అడిగాడు: "మావోడు ఏం తప్పు చేశాడు సార్?" ఎవరూ జవాబు చెప్పలేదు. టీసీ చేతిలో పెట్టి "బాగయ్యాక తీసుకురా" అన్నారు. బాగవ్వడానికి ఎక్కడికి తీసుకెళ్లాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఊళ్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. తాయెత్తు కట్టారు. కోళ్లు, మేకలు కోశారు. గుబ్బల మంగమ్మ తల్లికి మొక్కుకున్నారు. అప్పయింది. అలా రెండేళ్లు గడిచాక ఒక ఆశా అక్క పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడ మానసిక వైద్యుడు చూశాడు. మాత్రలు మొదలయ్యాక మెల్లగా నిద్రపట్టింది, గొంతులు తగ్గాయి, మనిషి మనిషయ్యాడు. ఇప్పుడు జీడితోటల్లో పనికెళ్తున్నాడు. ఈమధ్య జంగారెడ్డిగూడెం బస్టాండులో కనబడి వాడే పలకరించాడు. "నీ డిగ్రీ అయిపోయిందంట గదా?" అన్నాడు. వాడి ఇంటర్ కాలేదు.

ఆ రెండేళ్లు వాడి దగ్గర్నుంచి ఎవరు లాక్కున్నారు? దయ్యమా? చిల్లంగా? జబ్బు కొంత తీసుకుంది, నిజమే. మిగతాది మా ఉత్తరం తీసుకుంది. చక్కటి చేతిరాతతో.

ఇప్పుడు వాదనకొద్దాం.

"ఇంటికి పంపితే తల్లిదండ్రులు చూసుకుంటారు కదా" అంటారు. రాజమండ్రిలోనో ఏలూరులోనో ఉన్న పిల్లాణ్ని ఇంటికి పంపితే ఆ ఇంటి నుంచి డాక్టరు ఆటో దూరంలో ఉంటాడు. మన పిల్లోణ్ని ఇంటికి పంపడమంటే డాక్టరుకి ఇంకా దూరంగా పంపడం. జంగారెడ్డిగూడెంలో ఏరియా ఆసుపత్రి ఉంది. ఏలూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. కొండమీద ఊళ్లో ఏముంది? బస్సు ఆగిపోయే చోటు నుంచి నడక ఉంది. పోలవరం ముంపు ఊళ్ల పిల్లలైతే మరీ ఘోరం, వాళ్లకి పంపడానికి పాత ఊరే లేదు. హాస్టల్లో ఉన్నప్పుడే ఆసుపత్రి దగ్గర. మనం చేసేదేంటంటే, మనిషి మునిగిపోతుంటే ఒడ్డు నుంచి ఇంకాస్త లోపలికి తోసి "అక్కడ వాళ్లవాళ్లు ఉన్నార్లే" అనడం.

ఇంకో సంగతి. ఇలాంటి జబ్బులు మొదలయ్యేది ఎక్కువగా మన వయసులోనే. మానసిక సమస్యల్లో సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లేని గొంతులు వినబడటం, లేని శత్రువులు కనబడటం ఉండే స్కిజోఫ్రీనియా ప్రపంచంలో 300 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అది ఎక్కువగా 15 నుంచి 30 ఏళ్ల మధ్య బయటపడుతుంది. అంటే హాస్టల్ వయసు, కాలేజీ వయసు. వైద్యం మొదలుపెట్టడం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. మా రూమ్మేట్‌కి పోయిన రెండేళ్లు మామూలు రెండేళ్లు కావు, మందు బాగా పనిచేసే రెండేళ్లు.

"మేమేమన్నా డాక్టర్లమా?" అని ఇంకో మాట. కాదు. నువ్వు డాక్టరువి కానక్కర్లేదు. కానీ ఆలోచించు, వాడికి నిద్రపట్టట్లేదని ముందు తెలిసేది ఎవరికి? వార్డెన్ హాజరు పట్టీలో చూస్తాడు. లెక్చరర్ పీరియడ్‌లో చూస్తాడు. పక్క మంచం మీద పడుకునేది నువ్వు. కంచం ముట్టుకోలేదని తెలిసేది నీకు. నవ్వుతూ తిరిగేది నెలరోజులుగా మాట్లాడటం మానేసిందని తెలిసేది నీకు. జబ్బుకి పేరు పెట్టడం డాక్టరు పని. "వీడు ఇదివరకటిలా లేడు" అని గుర్తుపట్టడం స్నేహితుడి పని. మేం మాత్రం పేరు పెట్టే పని నెత్తినేసుకుని, గుర్తుపట్టే పని వదిలేశాం.

"ఇది మన ఆచారం, మన పెద్దలు చూసుకుంటారు, బయటోళ్ల మాటలు మనకెందుకు" అనే అన్నలు కూడా ఈ గ్రూపులో ఉన్నారు. అన్నా, మన పూజారుల్నీ, మన దేవతల్నీ ఎగతాళి చేసే మైదానపోళ్లంటే నాకూ మంటే. మా ఇంట్లోనూ మొక్కు మొక్కుతారు. తల్లికి మొక్కుకోవడం వల్ల మనిషికి ధైర్యం వస్తుందంటే వద్దనడానికి నేనెవణ్ని? కానీ మొక్కు ఒక చేత్తో, మందు ఒక చేత్తో పట్టుకోవచ్చు కదా. మలేరియా వస్తే మొక్కుకుంటాం, మాత్ర కూడా మింగుతాం. అక్కడ లేని పట్టింపు ఇక్కడెందుకు? మొక్కు వేరు, కొట్టడం వేరు. పొగ పెట్టడం, వేపమండలతో బాదడం, కాలికి గొలుసేసి కట్టడం... అవి ఆచారం పేరుతో చేసే హింస. తమిళనాడులో ఏర్వాడి అనే చోట 2001 ఆగస్టు 6న ఏం జరిగిందో తెలుసుకోండి. దర్గా దగ్గర నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు 28 మంది పాకకి నిప్పంటుకుంటే లేచి పరిగెత్తలేక కాలిపోయారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, అందులో మనిషిని ఏ రకంగానూ గొలుసుతో కట్టకూడదని రాసి ఉంది. మన ఊళ్లకీ అదే చట్టం.

ఇక "దయ్యం" అనేవాళ్లకి మన జిల్లా ముచ్చటే ఒకటి గుర్తుచేస్తాను. 2020 డిసెంబరులో ఏలూరులో ఉన్నట్టుండి జనం ఫిట్స్‌తో పడిపోవడం మొదలైంది. కొద్దిరోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అప్పుడేం చేశారు? ఎయిమ్స్ నుంచి, జాతీయ పోషకాహార సంస్థ నుంచి బృందాలు దిగాయి. నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం అన్నీ పరీక్షకి పంపారు. సీసమా, నికెలా, పురుగుమందులా అని దేశమంతా మాట్లాడుకుంది. పట్నంలో వందలమంది పడిపోతే అందరూ రక్తపరీక్ష అడిగారు. ఏజెన్సీ హాస్టల్లో ఒక్క పిల్ల పడిపోతే మనమే తాయెత్తు అడుగుతున్నాం. పట్నపోళ్ల మెదడుకి ల్యాబు, మన మెదడుకి విభూతి. ఈ తేడాని పైనోళ్లు పెడితే ధర్నా చేస్తాం. మనంతట మనం పెట్టుకుంటే ఆచారం అంటాం.

పైగా మన ప్రాంతంలో ఇంకో ప్రమాదం ఉంది. జ్వరంతో పాటు మనిషి తికమకగా మాట్లాడుతున్నా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా అది మలేరియా మెదడుకి ఎక్కడం కావచ్చు. అది గంటల్లో ప్రాణం తీస్తుంది. అప్పుడు "గాలి" అని ఊరికి పంపడమంటే చావుకి పంపడమే. 108కి ఫోన్ చేయాలి, ఆసుపత్రికి పోవాలి, అంతే.

"ఆడపిల్ల కదా, బయటికి తెలిస్తే పెళ్లవ్వదు, గుట్టుగా పంపించేయాలి" అనేవాళ్లకి ఒక ప్రశ్న. గుట్టు మీద అంత పట్టింపున్నోళ్లు వీడియోని ఆరు గ్రూపులకి ఎలా ఫార్వర్డ్ చేశారండీ? గుట్టంటే డాక్టరుకి చెప్పకుండా లోకానికి చెప్పడమా? వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం మానసిక రుగ్మత కూడా వైకల్యాల జాబితాలో ఉంది. వైకల్యం ఉన్న మనిషిని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు ఉంది ఆ చట్టంలో. కేసులు పెట్టాలని నేనట్లేదు. ఆ వీడియో ఎవరి ఫోన్లో ఉందో వాళ్లు ఇప్పుడే తీసేయండి అంటున్నాను. ఆ అమ్మాయి రేపు బాగయ్యి తిరిగి క్లాసుకి వస్తుంది. అప్పుడు ఆ వీడియో ఇంకా తిరుగుతూ ఉంటే, జబ్బు వదిలినా మనం వదలనట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కుమిలిపోయే ప్రతి పిల్లకీ జబ్బని ముద్ర వేయకండి. కోయ మాట్లాడుకుంటూ పెరిగిన పిల్లోడు తెలుగు క్లాసులో నోరు విప్పితే యాస చూసి నవ్వుతారు, వాడు నోరు మూసేసుకుంటాడు. అది వాడి బుర్రలో లోపం కాదు, నవ్వినోళ్ల బుర్రలో లోపం. 2019 మేలో ముంబైలో పాయల్ తడ్వి అనే ఆదివాసీ డాక్టరు ప్రాణం తీసుకుంది. కులం పేరుతో సీనియర్లు వేధించారని వాళ్లమ్మ కేసు పెట్టింది. అలాంటి చోట "ఆ అమ్మాయి మెంటల్‌గా వీక్" అంటే వేధించినోళ్లు తప్పించుకుంటారు. కాబట్టి రెండు ప్రశ్నలూ వేసుకోవాలి: వీడికి వైద్యం కావాలా? వీణ్ని ఎవరైనా ఏడిపిస్తున్నారా? కొన్నిసార్లు రెంటికీ అవుననే జవాబు వస్తుంది.

సరే, ఏం చేయాలి? నేను అప్పుడు చేయాల్సిందీ చేయనిదీ రాస్తున్నాను.

ఒంటరిగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని అడగాలి. "ఏంట్రా, నిద్రపట్టట్లేదా? ఈమధ్య తినట్లేదేంటి?" అంతే చాలు. నీతులు వద్దు, "ధైర్యంగా ఉండు" అనే డైలాగులు వద్దు. వాడికి గొంతులు వినబడుతున్నాయంటే "అదేం లేదు, నీ భ్రమ" అని వాదించొద్దు, "అవును, నాకూ వినబడుతోంది" అని వంత పాడొద్దు. "నాకు వినబడట్లేదు గానీ నీకు భయంగా ఉందని అర్థమవుతోంది" అనొచ్చు. అది నిజం కూడా.

చనిపోతానన్న మాట వస్తే, ఆ సూచన ఏదైనా కనబడితే, సూటిగా అడగాలి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే కొత్తగా ఆలోచన పుడుతుందని మనోళ్ల భయం. పుట్టదు, అడిగితే బరువు దిగుతుంది. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, ఒట్టు వేయించుకున్నా రహస్యం దాచొద్దు. నమ్మకమున్న పెద్దవాళ్లకి ఆ పూటే చెప్పాలి. పోలీసు కేసు అవుతుందని భయపడేవాళ్లుంటారు. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా చూడాలి తప్ప శిక్షించకూడదని 2017 చట్టంలోనే ఉంది.

14416కి ఫోన్ చేయొచ్చు. టెలి మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. జబ్బుపడినవాడే చేయాలని లేదు, వాడి పక్క మంచం వాడు కూడా చేసి "మా ఫ్రెండు ఇలా ఉన్నాడు, ఏం చేయాలి?" అని అడగొచ్చు. అప్పట్లో ఈ నంబరు లేదు. ఇప్పుడున్న మీకు ఆ సాకు లేదు.

వార్డెన్‌కి ఉత్తరం రాయాల్సి వస్తే రాయండి. కానీ మాట మార్చండి. "ఇంటికి పంపండి" అని కాదు, "ఆసుపత్రికి తీసుకెళ్లండి, తోడు మేం వస్తాం" అని రాయండి. తల్లిదండ్రుల్ని పిలిపించండి, టీసీ ఇవ్వడానికి కాదు, డాక్టరు చెప్పేది కలిసి వినడానికి. కొన్నాళ్లు ఇంట్లో విశ్రాంతి కావాలని డాక్టరంటే అప్పుడు ఇంటికి పంపొచ్చు. అప్పుడు కూడా చేతిలో మందుల చీటీ ఉండాలి, మళ్లీ చూపించుకునే తేదీ ఉండాలి, సీటు అలాగే ఉండాలి. సెలవు మీద వెళ్లడం వేరు, టీసీతో వెళ్లడం వేరు.

ఇక అధికారుల వైపు. పిల్లలే అన్నీ చేయాలంటే అది అన్యాయం. మన రాష్ట్రంలోనే 2023 జూలైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. 2025 జూలై 25న కోర్టు ఆ కేసుని సీబీఐకి అప్పగించింది, దాంతో పాటు దేశంలో స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా అవే పాటించాలంది. 100 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. 100 కన్నా తక్కువుంటే బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ ఇవ్వాలి. టెలి మానస్ లాంటి నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలో, ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే కాగితం మీద ఉండాలి. ఎస్సీ, ఎస్టీ లాంటి వర్గాల పిల్లల్ని వివక్ష లేకుండా చూసేలా సిబ్బందిని తయారుచేయాలి.

మన హాస్టళ్ల గోడల మీద మెనూ ఉంటుంది, హాజరు పట్టిక ఉంటుంది. 14416 ఎంతమంది హాస్టల్లో రాసి ఉందో కామెంట్లో చెప్పండి. లేకపోతే రేపు మీరే వార్డెన్ గారి అనుమతి తీసుకుని రాయండి, ఒక పెయింట్ డబ్బా చాలు. హాస్టళ్లకి ఏఎన్ఎంలు కావాలని మనం అడుగుతున్నదే. కోట రామచంద్రపురం ఐటీడీఏకి వెళ్లినప్పుడు దానితో పాటు కౌన్సెలర్‌నీ అడుగుదాం. కోయ మాట అర్థమయ్యే మనిషి అయితే మరీ మంచిది. తన గుండెలో ఉన్నది పరాయి భాషలో చెప్పుకోమంటే ఎవరు చెప్పుకోగలరు?

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మనకి సీట్లు ఊరికే రాలేదు. ఒక్కో పిల్లోడు కొండ దిగి హాస్టల్ దాకా రావడం వెనక ఒక కుటుంబం మొత్తం కష్టం ఉంది. అలాంటిది ఒక సీటు ఖాళీ అవుతుంటే, అదీ మన సంతకాలతోనే అవుతుంటే, రిజర్వేషన్ల గురించి మనం పెట్టే పోస్టులకి అర్థమేంటి?

ఆ బస్టాండులో నేను మా రూమ్మేట్‌కి ఉత్తరం సంగతి చెప్పాను. నేనే రాశానని. వాడు కాసేపు ఊరుకుని, "తెలుసురా, నీ అక్షరాలు నాకు తెలీవా?" అన్నాడు. తర్వాత వాడి బస్సొచ్చింది, వెళ్లిపోయాడు. ఓపెన్‌లో ఇంటర్ పరీక్ష కట్టడానికి ఈసారి వాడి ఫారం నేను నింపుతానన్నాను. కట్టాడా లేదా అన్నది వాడిష్టం. ఆ అక్షరాలకి మాత్రం ఆ అప్పుంది.

ఆ వీడియోలో అమ్మాయి పక్క మంచం మీద పడుకునే చెల్లెమ్మా, నువ్వీ గ్రూపులో ఉంటే నీకే ఈ పోస్టు. సంతకం పెట్టకు. పక్కన కూర్చో.

జోహార్.